లుకేమియాలో మూలుగ మార్పిడి: ఎప్పుడు అడగాలి?

సంపాదకులకు,

ఏటా జనవరి 12 వచ్చేసరికి మన పత్రికల్లో యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద వ్యాసాలు వస్తాయి. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపించి, లుకేమియా (రక్త క్యాన్సర్) మీద పనిచేసిన తొలి మందులను లోకానికి అందించిన తెలుగువాణ్ని తలచుకోవడం మన బాధ్యత. అయితే ఆ కథ ఎప్పుడూ 1948లో, ఆయన కన్నుమూయడంతోనే ఆగిపోతుంది. ఆ మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ ఆ తర్వాత మరో వైద్యుడి చేతిలో, మరో పనికి, అంతే గొప్పగా అక్కరకొచ్చింది. ఆ వైద్యుడు డాక్టర్ డొనాల్ థామస్. ఎముక మూలుగ మార్పిడిని వైద్యంగా నిలబెట్టినవాడు. ఆయన వృత్తి జీవితంలో మన రోగులకూ, వాళ్ల ఇళ్లవాళ్లకూ నేరుగా పనికొచ్చే విషయం ఒకటుంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశారు. 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఏ మందుకూ లొంగని జబ్బు అది. కానీ కొన్ని నెలలు తిరక్కుండానే అందరిలోనూ తిరగబెట్టింది. మందు జబ్బు కణాలను చాలావరకు చంపుతుంది, మిగిలిపోయిన కొన్నే మళ్లీ పెరుగుతాయి. పోనీ, అన్నీ చచ్చేంత మోతాదులో కొడదామంటే రక్తాన్ని తయారుచేసే మూలుగ కూడా చచ్చిపోతుంది. మూలుగ చస్తే మనిషి బతకడు. చిక్కుముడి అక్కడ పడింది.

టెక్సస్‌లోని మార్ట్ అనే చిన్న ఊళ్లో 1920లో, ఒక వైద్యుడి కొడుకుగా పుట్టిన థామస్ 1946లో హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తిచేశారు. 1955లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే పల్లెటూరి ఆసుపత్రికి వెళ్లారు. ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది. రేడియేషన్‌తో, మందులతో రోగి మూలుగను జబ్బుతో సహా పూర్తిగా తుడిచేసి, ఆరోగ్యంగా ఉన్న మరొకరి మూలుగను రక్తనాళంలోకి ఎక్కిస్తే, ఆ కణాలే దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి చేరి కొత్త రక్తం తయారుచేయాలి. 1957లో ఆరుగురు రోగుల ఫలితాలు ప్రకటించారు. ఇద్దరిలో మాత్రమే కొత్త మూలుగ కొద్దికాలం పట్టుకుంది. ఆరుగురిలో ఒక్కరూ 100 రోజులు దాటి బతకలేదు.

1959లో కవల పిల్లలతో ప్రయత్నించారు. లుకేమియా వచ్చిన బిడ్డకు ఒకే పోలికగల తన కవల మూలుగే ఎక్కించారు. ఈసారి మూలుగ చక్కగా పట్టుకుంది, దానికీ రోగి ఒంటికీ పోట్లాట లేదు. కానీ కొన్ని నెలలకే లుకేమియా తిరిగొచ్చింది. అలా ఎందుకైందో పూర్తిగా అర్థం కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. పరాయి మూలుగలోని తెల్లకణాలు మిగిలిపోయిన లుకేమియా కణాలను పరాయివిగా గుర్తించి చంపుతాయి. అచ్చం తనలాంటి కవల మూలుగకు ఆ గుర్తింపు ఉండదు. మార్పిడిలో సగం వైద్యం రేడియేషన్‌దైతే, సగం దాత కణాలదే. 1979లో, థామస్ తర్వాత చేరిన అమెరికాలోని సియాటిల్ బృందమే ఈ సంగతిని లెక్కలతో రుజువు చేసింది.

1960ల్లో ప్రపంచమంతా కలిపి ఇలాంటి మార్పిడులు 200 పైచిలుకు జరిగాయి, దాదాపు అన్నీ విఫలమయ్యాయి. చాలామంది ఈ పని వదిలేశారు. మూలుగ ఎన్నటికీ ఇంకొకరి ఒంట్లో ఇమడదని తేల్చేసినవాళ్లూ ఉన్నారు. థామస్ వేరే పని చేశారు. మనుషుల్లో మార్పిడులు ఆపి, మళ్లీ కుక్కల మీద ప్రయోగాలకు వెళ్లారు. రోగులు చనిపోతుంటే అదే పనిని అలాగే కొనసాగించడం తప్పని ఆయనకు తెలుసు. అసలు సమస్య ఎక్కడుందో తెలియకుండా పని మానేయడం కూడా తప్పేనని తెలుసు. ఏళ్ల తరబడి ఆ ఓపిక పట్టిన వైద్యుణ్ని గొప్పవాడనడానికి ఆయనకు తర్వాత వచ్చిన నోబెల్ బహుమతితో నాకు పని లేదు.

ఆ ఏళ్లలో రెండు సంగతులు తేలాయి. మొదటిది, ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లల్లో కొన్ని జంటల మధ్య మార్పిడి నిలుస్తుంది, కొన్నింటి మధ్య నిలవదు. తేడా తెల్లకణాల పైనున్న గుర్తులది. మనుషుల్లో ఈ గుర్తులనే హెచ్‌ఎల్‌ఏ అంటాం. వీటిలో మొదటిదాన్ని 1958లో ఫ్రాన్స్‌లో జాన్ డోసె కనిపెట్టారు. రెండోది, గుర్తులు కలిసినా దాత తెల్లకణాలు రోగి చర్మాన్నీ, పేగులనూ, కాలేయాన్నీ పరాయివనుకుని దాడిచేసే ప్రమాదం ఉంది. దీన్ని వైద్యులు జీవీహెచ్‌డీ అంటారు. దీనికి అడ్డుకట్ట వేసిన తొలి మందు మెథోట్రెక్సేట్. 1958లో డెల్టా ఉపాఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో దాని పనితనం చూపించారు, థామస్ బృందం కుక్కల్లో పద్ధతి కుదిర్చింది. సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిన మందు అలా రెండోసారి లుకేమియా రోగుల దగ్గరికి చేరింది, ఈసారి మార్పిడిని కాపాడే మందుగా. నేటికీ అనేక కేంద్రాల్లో వాడే పద్ధతి 1986లో సియాటిల్ నుంచి వచ్చిందే. మార్పిడి తర్వాత 1వ రోజు ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాములు, 3, 6, 11 రోజుల్లో 10 మిల్లీగ్రాముల చొప్పున మెథోట్రెక్సేట్, దానితోపాటు దాత తెల్లకణాల దాడిని అణిచే సైక్లోస్పోరిన్ నెలల తరబడి.

(సందర్భం వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పిల్లల లుకేమియాలో ఇంటి దగ్గర మింగే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. దానితో ఇచ్చే 6-ఎంపీ మాత్ర రోజూ వేసుకోవాలి. ఈ రెండూ తారుమారై మెథోట్రెక్సేట్ రోజూ మింగితే నోరు పుండైపోతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. మెథోట్రెక్సేట్ ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. పొరపాటు జరిగిందని తెలిసిన క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. ల్యూకోవొరిన్ అనే విరుగుడు ఉంది, కానీ అది ఆలస్యం చేస్తే పనిచేయదు.)

1963లో థామస్ సియాటిల్ వెళ్లారు. 1969లో గుర్తులు కలిసిన తోబుట్టువుల మూలుగతో మనుషుల్లో మార్పిడులు మళ్లీ మొదలుపెట్టారు. భార్య డాటీ ప్రయోగశాల నడిపారు, ఆయన రాసిన ప్రతి పత్రాన్నీ సరిదిద్దారు. ఈ పని ఒక్క వైద్యుడి వల్ల అయ్యేది కాదు. ప్లేట్‌లెట్లను విడిగా తీసి ఎక్కించే పద్ధతి కావాలి, నోరూ గొంతూ పుండైన రోగిని వారాల తరబడి కంటికి రెప్పలా చూసుకునే నర్సులు కావాలి. ఛాతీలోంచి పెద్ద సిరలోకి వేసి నెలల తరబడి ఉంచే గొట్టాన్ని నేడు మన వార్డుల్లో హిక్‌మన్ అంటున్నాం. అది సియాటిల్‌లో ఈ రోగుల కోసమే డాక్టర్ రాబర్ట్ హిక్‌మన్ తీర్చిదిద్దినది.

ఇక అసలు విషయానికి వస్తాను. 1977లో థామస్ బృందం 100 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది. అందరూ కీమో అన్ని విధాలా విఫలమై, ఇక చేసేదేమీ లేదన్నాక వచ్చినవాళ్లు. వారిలో జబ్బు లేకుండా బతికి ఉన్నవాళ్లు 13 మంది. అప్పటికి అది అపురూపమే, ఆ 13 మందీ మామూలుగా చనిపోవాల్సినవాళ్లే. కానీ థామస్ ఆ లెక్కను చూసి సంబరపడి ఊరుకోలేదు. ఆఖరి దశలోనే 13 మంది బతికితే, జబ్బు అణిగి ఉన్నప్పుడు, ఒళ్లు ఇంకా గట్టిగా ఉన్నప్పుడు చేస్తే ఎంతమంది బతుకుతారన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. 1979లో జవాబు వచ్చింది. ఏఎంఎల్ అనే రకం లుకేమియాలో కీమోతో జబ్బు మొదటిసారి అణిగిన దశలోనే మార్పిడి చేసిన 19 మందిలో దాదాపు సగం మంది దీర్ఘకాలం బతికారు. పద్ధతి దాదాపు అదే, మందులూ రేడియేషనూ అవే. మారింది సమయం.

సమయం ఎందుకంత తేడా తెస్తుంది? జబ్బు పూర్తిగా పెరిగి ఉన్నప్పుడు ఒంట్లో లుకేమియా కణాలు లక్ష కోట్ల దాకా ఉంటాయి. జబ్బు అణిగిన దశలో, అంటే రెమిషన్‌లో, మైక్రోస్కోప్‌కు అందనంత తక్కువకు పడిపోతాయి. దాత తెల్లకణాలు రోగి ఒంట్లో కుదురుకుని లుకేమియా మీద పని మొదలుపెట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. అంతలో జబ్బు మళ్లీ పెరిగిపోకూడదు. ఇంకొకటి, కీమో మీద కీమో పడేకొద్దీ గుండె, కాలేయం, మూత్రపిండాలు అరిగిపోతాయి. తెల్లకణాలు లేక గడిపిన ప్రతి నెలా ఊపిరితిత్తుల్లో బూజు (ఫంగస్) చేరే ముప్పు పెంచుతుంది. మన వాతావరణంలో, ఆసుపత్రుల పక్కన ఎప్పుడూ సాగే కట్టడాల దుమ్ములో ఈ ముప్పు చిన్నది కాదు. ఊపిరితిత్తుల్లో బూజుతో మార్పిడికి వచ్చిన రోగికి మనం మొదటి రోజే సగం ఆట ఓడిపోయి ఉంటాం.

మన దగ్గర మార్పిడి మాట ఎప్పుడు వస్తుంది? రెండోసారి తిరగబెట్టాక. ఉన్న పొలం అమ్మి కీమోలకు పెట్టాక. అప్పుడు "బోన్ మ్యారో చేస్తే బతుకుతాడట" అని ఎవరో చెబితే హైదరాబాద్ బయల్దేరతారు. 1977 నాటి 100 మంది ఏ దశలో సియాటిల్ చేరారో, 2020లు వచ్చాక కూడా మనవాళ్లు అదే దశలో చేరుతున్నారు. ఇందులో కుటుంబాల తప్పు లేదు. మొదటి నెలలో వాళ్లకు ఎవరూ చెప్పరు.

అందరికీ మార్పిడి అవసరం లేదు, ఆ సంగతీ అంతే గట్టిగా చెప్పాలి. పిల్లల్లో వచ్చే ఏఎల్‌ఎల్ అనే రకం లుకేమియా ఎక్కువమందిలో రెండు మూడేళ్ల కీమోతోనే నయమవుతుంది. సీఎంఎల్ అనే రకానికి 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక మార్పిడి అవసరమయ్యేవాళ్లు చాలా తగ్గారు. ఏపీఎల్ అనే రకానికి ఏటీఆర్‌ఏ, ఆర్సెనిక్ మందులు చాలామందికి సరిపోతాయి. ఏఎంఎల్‌లో కూడా 8, 21 క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి మారిన రకం, 16వ క్రోమోజోములో ముక్క తిరగబడిన రకం కీమోకు బాగా లొంగుతాయి. క్రోమోజోముల్లో మూడు, అంతకుమించి తేడాలున్నవాళ్లకు, ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉన్నవారిలో చాలామందికి, కీమో తర్వాత కూడా మైక్రోస్కోప్‌కు అందని జబ్బును వెతికే ఎంఆర్‌డీ పరీక్షలో జబ్బు ఆనవాళ్లు మిగిలినవాళ్లకు మార్పిడి గురించి మొదటి రెమిషన్‌లోనే ఆలోచించాలి.

ఈ తేడా తేలేది మొదటి మూలుగ పరీక్షలోనే. ఇక్కడ జరిగే పొరపాటు తర్వాత ఎవరూ సరిదిద్దలేనిది. తొలి కీమో చుక్క పడకముందే నమూనా తీయాలి. క్రోమోజోముల పరీక్షకు కణాలు బతికి ఉండాలి కనుక హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టంలో, జన్యుమార్పుల పరీక్షకు ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత గొట్టంలో పంపాలి. హెపారిన్ నమూనాను ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు, వీలైతే 24 గంటల్లో ప్రయోగశాలకు చేర్చాలి. డబ్బులు చాలవని ఈ పరీక్షలు వాయిదా వేసి కీమో మొదలుపెడితే, జబ్బు అణిగాక ఆ రోగిది ఏ రకమో తెలిసే దారి ఉండదు. మార్పిడి కావాలా వద్దా అన్న నిర్ణయం చీకట్లో చేయాల్సి వస్తుంది. అలాగే పిల్లలకు వారాల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు, మెడలో గడ్డలు ఉంటే రక్తపరీక్ష చూడకుండా స్టెరాయిడ్ ఇవ్వకూడదు. ఏఎల్‌ఎల్ స్టెరాయిడ్‌కు కొంత అణుగుతుంది. గడ్డలు కరుగుతాయి, జ్వరం తగ్గుతుంది, జబ్బు దాక్కుంటుంది. నెల తర్వాత మొండిగా బయటపడుతుంది.

రకం తేలిన వారంలోనే చేయించాల్సిన రెండో పని హెచ్‌ఎల్‌ఏ పరీక్ష. రోగికీ, తోబుట్టువులకూ, అమ్మానాన్నలకూ. కొన్ని మిల్లీలీటర్ల రక్తం, లేదా బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచిన నమూనా చాలు. రోగి తెల్లకణాలు మరీ పడిపోయి ఉంటే రక్తం కన్నా బుగ్గ నమూనా మేలు. బ్లడ్ గ్రూపు కలవాలని అందరూ అనుకుంటారు, కలవనక్కర్లేదు. ఓ పాజిటివ్ అన్నకు బీ పాజిటివ్ చెల్లెలు దాత కావచ్చు. కొన్ని నెలలకు అతని గ్రూపే మారిపోతుంది. కలవాల్సింది ఆరో క్రోమోజోము మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు. నాన్న నుంచి ఒక జట్టు, అమ్మ నుంచి ఒక జట్టు వస్తాయి. అందుకే ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరు తోబుట్టువులుంటే కనీసం ఒకరు కలిసే అవకాశం దాదాపు 44 శాతం, ముగ్గురుంటే 58 శాతం.

మేనరికాలు ఉన్న మన ఇళ్లలో ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అమ్మానాన్నలు దగ్గరి బంధువులైతే వాళ్ల గుర్తుల జట్లలో ఒకటి ఇద్దరిలోనూ ఉండొచ్చు. అలాంటప్పుడు తల్లో తండ్రో, కొన్నిసార్లు మేనమామో, పెదనాన్న పిల్లలో కూడా పూర్తిగా కలుస్తారు. తోబుట్టువులు కలవలేదని అక్కడితో ఆపేయకండి. వంశవృక్షం గీసి వైద్యుడి ముందు పెట్టండి.

ఎవరూ కలవకపోయినా దారి ఉంది. సగం కలిసిన తల్లి, తండ్రి, కొడుకు, కూతురు దాతలుగా చేసే మార్పిడి ఇప్పుడు మన దేశంలో బాగానే జరుగుతోంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో కుదిర్చిన పద్ధతి దానికి ఊతం. మార్పిడి తర్వాత 3వ, 4వ రోజుల్లో కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. రోగి మీద దాడికి లేచే దాత కణాలు సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే వేగంగా విభజన చెందుతుంటాయి, మందుకు అవే చస్తాయి. కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలు నిద్రపోతుంటాయి, వాటికి హాని ఉండదు. బయటి దాతల కోసం చెన్నైలో మొదలైన దాత్రి, బెంగళూరులోని డీకేఎంఎస్ ఇండియా వంటి, దాతల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీలున్నాయి. హెచ్‌ఎల్‌ఏ గుర్తులు జాతులను, ప్రాంతాలను బట్టి మారతాయి కనుక తెలుగు రోగికి తెలుగు దాతలోనే పోలిక దొరికే అవకాశం ఎక్కువ. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలు అక్కడి రిజిస్ట్రీల్లో చేరినా ఆ పేరు ప్రపంచమంతటి రోగులకూ అందుబాటులో ఉంటుంది. వెతకడానికి, దాతను ఒప్పించడానికి, కణాలు తెప్పించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రెమిషన్ అంతకాలం ఆగుతుందన్న హామీ లేదు. పరీక్ష మొదటి నెలలోనే కావాలనడం ఇందుకే.

దాతల భయాల గురించి కాస్త వివరంగా రాయాలి, మంచి దాత ఉండీ మార్పిడి ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. వెన్నుపూసలోంచి తీస్తారని, నడుము పడిపోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. వెన్నుపూస జోలికి ఎవరూ పోరు. మూలుగే తీయాలంటే మత్తు ఇచ్చి, నడుము కింద వెనక వైపు తుంటి ఎముక నుంచి సూదితో తీస్తారు. థామస్, ఆయన సహచరుడు స్టార్బ్ 1970లో రాసిన పద్ధతి మౌలికంగా ఇదే. ఒక్కో చోట 5 మిల్లీలీటర్లకు మించి లాగితే మూలుగ కన్నా రక్తం ఎక్కువ వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా చాలా చోట్ల నుంచి తీస్తారు. మొత్తం దాత బరువులో కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. దాన్ని హెపారిన్‌లో కలిపి, కొవ్వు ముద్దలు, ఎముక పలుకులు పోయేలా వడకట్టి, రోగికి రక్తంలాగే ఎక్కిస్తారు. దాతకు వారం, పది రోజులు తుంటి నొప్పి ఉంటుంది. మర్నాడే ఇంటికి వెళ్లొచ్చు.

ఇప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువగా రక్తం నుంచే మూలకణాలు తీస్తున్నారు. దాతకు జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ కిలోకు 10 మైక్రోగ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 300 మైక్రోగ్రాములవి రోజుకు రెండు, నాలుగైదు రోజులు చర్మం కింద ఇస్తారు. మూలుగలోని కణాలు రక్తంలోకి వస్తాయి. ఐదో రోజు ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళ్లి, కణాలు వేరుపడి, మిగతాది రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. నాలుగైదు గంటల పని. రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షలు, వీలైతే 40–50 లక్షల సీడీ34 కణాలు (ఆ గుర్తున్న మూలకణాలు) కావాలి, ఒక రోజు చాలకపోతే రెండో రోజూ కూర్చోబెడతారు. ఇంజెక్షన్ల రోజుల్లో ఎముకల నొప్పులు, తలనొప్పి ఉంటాయి, పారాసిటమాల్‌కు తగ్గుతాయి. యంత్రం మీద ఉన్నప్పుడు పెదాలు తిమ్మిరెక్కితే వెంటనే నర్సుకు చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గిందన్నమాట, కాల్షియం ఇస్తే సర్దుకుంటుంది.

పెళ్లి కాని చెల్లెలు దాతగా కలిస్తే పెద్దవాళ్లు వెనకాడతారు. రేపు సంబంధాలు వస్తాయా, పిల్లలు పుడతారా అని. ఇచ్చిన కణాలు కొన్ని వారాల్లో తిరిగి తయారవుతాయి. పిల్లలు పుట్టడానికి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి దాచాల్సిన పనీ లేదు, అన్న ప్రాణం నిలబెట్టిన పిల్లకు అది వన్నె. దాత ఇష్టాన్ని మాత్రం విడిగా, ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా అడగాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రోగికి కీమోతో, రేడియేషన్‌తో మూలుగ తుడిచేశాక దాత మనసు మార్చుకుంటే రోగి బతకడు. సందేహాలన్నీ అంతకుముందే తీరాలి.

మార్పిడికి ముందు రోగికి రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించాలంటే తోబుట్టువులు, అమ్మానాన్నలు ఇవ్వకూడదు. ప్రేమతోనే ఇస్తారు, కానీ రోగి ఒళ్లు వాళ్ల గుర్తులకు ముందే అలవాటుపడి, తర్వాత వాళ్ల మూలుగను తిప్పికొట్టే ప్రమాదం ఉంది. ఊళ్లోవాళ్లు, స్నేహితులు ఇవ్వొచ్చు. ఆ రక్తంలో తెల్లకణాలను వడగట్టాలి. మార్పిడి మొదలైనప్పటి నుంచి 25 గ్రేల మోతాదు రేడియేషన్ ఇచ్చిన రక్తమే వాడాలి, లేకపోతే రక్తదాత తెల్లకణాలే రోగి మీద తిరగబడతాయి. ప్లేట్‌లెట్ల సంచి ఐదు రోజులకు మించి నిలవదు కాబట్టి, ముందే పది పదిహేను మంది దాతల ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోవాలి.

మార్పిడి ఆపరేషన్ అనుకుని బయట ఎదురుచూసే బంధువులు నిరాశపడతారు. సంచిలోని ఎర్రటి ద్రవం హిక్‌మన్ గొట్టం గుండా గంట, రెండు గంటల్లో లోపలికి వెళుతుంది, అంతే. కష్టమంతా ఆ తర్వాత. ఐదారు రోజులకు నోరూ గొంతూ పుండై మంచినీళ్లు కూడా దిగవు. తెల్లకణాలు సున్నాకు పడతాయి. 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వరసగా మూడు రోజులు 500 దాటితే మూలుగ పట్టుకున్నట్టు లెక్క, మామూలుగా రెండు మూడు వారాలకు. అక్కడి నుంచి జీవీహెచ్‌డీ కోసం కనిపెట్టుకుని ఉండాలి. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రదనం, నీళ్ల విరేచనాలు, కళ్లు పచ్చబడటం, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. మన పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ నిద్రాణంగా ఉండే సీఎంవీ వైరస్ ఈ సమయంలో లేస్తుంది. 1969 తర్వాత సియాటిల్‌లో చాలా ప్రాణాలు తీసింది అదే. ఇప్పుడు వారం వారం రక్తంలో దాని జాడ చూసి గాన్‌సైక్లొవిర్ మందు ముందుగానే మొదలుపెడతారు. అందుకే మొదటి 100 రోజులు ఆసుపత్రికి గంటలోపు చేరగలిగే చోట గది తీసుకుని ఉండమంటారు. ఆ అద్దె, తిండి ఖర్చు ఏ ప్యాకేజీలోనూ ఉండదు, ముందే లెక్క వేసుకోవాలి. పచ్చళ్లు, బయటి చట్నీలు, కోసి పెట్టిన పండ్లు వద్దు. అప్పుడే వండి వేడిగా ఉన్నదే పెట్టాలి. చిన్నప్పటి టీకాల రక్షణ చాలావరకు పోతుంది కాబట్టి, ఆరు నెలలు, ఏడాది తర్వాత మళ్లీ వరసగా వేయించాలి. తట్టు వంటి బతికున్న వైరస్ టీకాలు మాత్రం రెండేళ్లు నిండాకే.

మూలకణాలన్న పేరుతోనే మోకాళ్లకు, ఆటిజానికి, పక్షవాతానికి లక్షలు గుంజే ప్రకటనలు వస్తుంటాయి. రక్తవ్యాధుల్లో చేసే ఈ మార్పిడికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని సొంతానికి దాచుకోమనే ప్రకటనలూ అంతే. ఆ బిడ్డకే లుకేమియా వస్తే తన కణాలు తనకు సాధారణంగా పనికిరావు. అందులో జబ్బు బీజం ముందే ఉండొచ్చు, పైగా లుకేమియాను వేటాడే పరాయి కణాల బలం దానికుండదు. 1959 కవలలు నేర్పిన పాఠమిది.

థామస్‌కు 1990లో జోసెఫ్ ముర్రేతో కలిపి నోబెల్ వచ్చింది, 2012లో కన్నుమూశారు. ఆయన దగ్గర సియాటిల్‌లో శిక్షణ పొందిన డాక్టర్ సురేశ్ అద్వానీ 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో మన దేశపు తొలి మూలుగ మార్పిడి చేశారు. 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది. నేడు హైదరాబాద్‌లోనే నిమ్స్‌తో పాటు పలు కేంద్రాలు చేస్తున్నాయి. విద్య మన ఇంటి ముంగిటే ఉంది. అందనిది సమయానికి వచ్చే రోగి.

అందుకే మీకొక మనవి. "దాతలు ఆదుకోవాలి" అంటూ లుకేమియా పిల్లల కోసం మీ జిల్లా పేజీల్లో విన్నపాలు వేస్తుంటారు, అది పుణ్యకార్యం. ఆ వార్త రాసే విలేకరిని మూడు ప్రశ్నలు అడిగి రాయమనండి. జబ్బు ఇప్పుడు అణిగి ఉందా? హెచ్‌ఎల్‌ఏ పరీక్ష అయిందా? దాత దొరికారా? పరీక్ష కాకపోతే పెద్ద మొత్తం కన్నా ముందు ఆ పరీక్ష ఖర్చుకు సాయం అడగండి. జబ్బు అణిగి, దాత కూడా దొరికిన బిడ్డ విన్నపమైతే మాత్రం ఆదివారం దాకా ఆపకుండా మర్నాటి సంచికలోనే వేయండి.

– ఒక రక్తవ్యాధుల వైద్యురాలు, గుంటూరు